కురుక్షేత్రం నుంచి బద్ర్ దాకా: హుసేన్ చిత్రాలలో దాయాదుల పోరు

పుట్టపర్తికి ఉత్తరాన, ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో, మేకతోలుకు రంగులద్ది దీపం ముందు ఆడించే బొమ్మలాట ఈనాటికీ బ్రతికి ఉంది. ఈ కరువుసీమలో భారతకథ చదువురాని వారికి సైతం తెరమీది నీడల ద్వారా అందింది. ఆ నీడలలో కనిపించేది పరాయి శత్రువు కాదు. ఒకే ఇంటి అన్నదమ్ములు పాలు పంపకాల వద్ద తెచ్చుకున్న యుద్ధం. మక్బూల్ ఫిదా హుసేన్ యుద్ధచిత్రాలను, ఆయన ప్రవాసాన్ని అర్థం చేసుకోవడానికి ఇంతకంటె మంచి ద్వారం లేదు.

పండరీపురంలో జన్మించిన హుసేన్‌కు తెలుగునాటితో గాఢమైన సంబంధం ఉండేది. రామమనోహర్ లోహియా ప్రేరణతో 1968 నుంచి ఆయన హైదరాబాదులో బద్రీవిశాల్ పిత్తి ఇంట సుమారు 150 రామాయణ చిత్రాలు వేశారు. చిత్రాలు ధనికుల గదులు దాటి పల్లెలకు చేరాలన్నది లోహియా ఆశయం. తోలుబొమ్మలవారు అంతకు ముందునుంచే చేస్తున్న పని అదే.

1971లో బ్రెజిల్ దేశపు సావోపావ్లో ప్రదర్శనకు పికాసోతో పాటు హుసేన్‌కూ ప్రత్యేక ఆహ్వానం వచ్చింది. అక్కడికి ఆయన తీసుకుపోయినది మహాభారత చిత్రమాల. అదే సంవత్సరం తూర్పు పాకిస్తాన్‌లో ఒకే దేశపు ప్రజలు, అధికభాగం ఒకే ధర్మానికి చెందినవారు, రెండుగా చీలి రక్తం చిందించారు. చూసేవారికి ఆ రెండు యుద్ధాలు వేర్వేరుగా తోచవు. ఆ మాలలోని ఒక చిత్రం పేరే 'గంగా జమునల యుద్ధం'. హిందూ ముస్లిముల సహజీవనాన్ని గంగా-జమునీ తహ్జీబ్ అని పిలుచుకునే హైదరాబాదును ఎరిగిన చిత్రకారుడు, ఆ నదులనే ఎదురెదురుగా నిలబెట్టాడు. సామరస్యానికి పేరైనదే సమరానికి పేరు కావచ్చునన్న హెచ్చరిక అది. హుసేన్ కృషిలో శిఖరం ఇక్కడే ఉంది.

ఆ హెచ్చరిక ఆయన జీవితంలోనే నిజమైంది. 1996 నుంచి ఆయన వేసిన దేవతా చిత్రాలపై అలజడి చెలరేగింది. 1998లో ముంబాయిలోని ఇంటిపై దాడి జరిగింది. కేసులు, బెదిరింపుల మధ్య 2006లో, తొంభై ఏండ్ల వయసులో, ఆయన దేశం విడిచారు. 2008 మే 8న ఢిల్లీ హైకోర్టు ఆయనపై కేసులను కొట్టివేసినా తిరిగి రాలేదు. 2010లో ఖతర్ పౌరసత్వం స్వీకరించి, 2011 జూన్ 9న లండన్‌లో కన్నుమూశారు.

ప్రవాసంలో ఆయన చేపట్టిన అరబ్బు నాగరికతా చిత్రమాలలో బద్ర్ సంగ్రామం ఒకటి. హిజ్రీ 2వ సంవత్సరంలో జరిగిన ఆ పోరులో తండ్రి ఒక వైపు, కుమారుడు మరొక వైపు నిలిచారు. దైవప్రవక్త (స) పినతండ్రి అబ్బాస్ ఖురైషుల పక్షాన పట్టుబడ్డారు. స్వస్థలం నుంచి వెళ్ళగొట్టబడినవారు సొంత బంధువులనే ఎదుర్కొన్న ఆ ఘట్టాన్ని, స్వదేశం వీడిన వృద్ధుడు ఎన్నుకోవడం యాదృచ్ఛికంగా కనిపించదు. అయితే పాలకుల కోరికపై సాగిన ఈ మాలలో కీర్తిగానం పాలు ఎక్కువ. 1971 నాటి గాయపు తీవ్రత తక్కువ. ఈ లోటును కప్పిపుచ్చడం విమర్శ కాదు. 2025 నవంబరులో దోహాలో ఆయన పేర తెరచిన మ్యూజియాన్ని కూడా ఈ దృష్టితోనే చూడాలి.

జీవుల రూపచిత్రణపై ఫకీహ్‌ల అభ్యంతరాలు తెలిసినవే. అది వేరు చర్చ. ఇక్కడ ప్రశ్న న్యాయానిది. హుసేన్‌ను పరమతస్థుల చేత పీడితుడైన ముస్లింగా మాత్రమే చెప్పుకోవడం సులభం. కానీ 2004లో, హైదరాబాదు నేపథ్యం గల ఆయన చిత్రం 'మీనాక్షి'లో సూరతున్నూర్ పదాలతో సాగే ఖవ్వాలీపై అభ్యంతరం లేవదీసినవి ముస్లిం సంస్థలే. దానితో ఆయన ఆ చిత్రాన్ని థియేటర్ల నుంచి ఉపసంహరించుకున్నారు. పవిత్ర వచనాల గౌరవం కోరడం తప్పు కాదు. కళాకారుని వివరణ వినకుండానే తీర్పు చెప్పడం తప్పు. ఇతరుల నుంచి ఆశించే సహనాన్ని తన ఇంట ముందుగా పాటించిన సమాజానికే హుసేన్ ప్రవాసంపై దుఃఖించే హక్కు పూర్తిగా ఉంటుంది. ఆయన జీవితాంతం చిత్రించిన దాయాదుల పోరు చెప్పే పాఠం కూడా ఇదే.