మూడు కట్టుబాట్లు: ఒంగోలు మాదిగ సంఘాల తొలి ప్రమాణం మీద ఒక చర్చ

ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మానికి వచ్చిన మాదిగలను అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అడిగినవి మూడే మూడు. ఆదివారం పనికి పోగూడదు. చచ్చిన గొడ్డు తినగూడదు. విగ్రహాలకు మొక్కగూడదు. సంఘ చరిత్రలు రాసినవాళ్ళు వీటిని మాదిగల 'అలవాట్లు' బాగుచేసిన నియమాలుగా చెప్పుకొస్తున్నారు. దళిత రాజకీయాలు మాట్లాడే మనవాళ్ళలో కొందరు తెల్లదొర నేర్పిన శుభ్రత పాఠాలని తీసిపారేస్తారు. ఈ రెండూ ఒకే తప్పు చేస్తున్నాయని మా అభిప్రాయం. ఆ మాటలు ఎవరు చెప్పారన్న దగ్గరే ఇద్దరూ ఆగిపోయారు. వాటిని పాటించినందుకు ఎవరు తన్నులు తిన్నారు, ఎందుకు తిన్నారు అని అడగలేదు.

ఆనాటి ఊళ్ళో మాదిగ బతుకు ఏమిటి? రైతు గొడ్డు చస్తే ఈడ్చుకుపోవాలి. తోలు ఊనాలి. కపిల తోలే బావికి తొండం, బాన కుట్టాలి, రైతుకు చెప్పులు కుట్టాలి, జాతరకు డప్పు కొట్టాలి. దీనికి ప్రతిఫలం కల్లం దగ్గర కొలిచే నాలుగు గింజల మేర, చచ్చిన గొడ్డు మాంసం. అంటే ఆ మాంసం 'అలవాటు' కాదు, జీతంలో భాగం. జీతం తీసుకుంటే చాకిరీ చెయ్యాలి. తిననన్నవాడు ఈడ్చనని కూడా అనగలడు. ఊరి పెద్దలకు ఈ లెక్క మిషనరీ కన్నా ముందే అర్థమయింది. ఆదివారం సంగతీ అంతే. కోతలు, నూర్పిళ్ళు ముమ్మరంగా ఉన్నప్పుడు మాదిగపల్లె మొత్తం ఒక్కరోజు రానంటే, అది ప్రార్థన మాత్రమే కాదు. వారానికోసారి జరిగే సమ్మె. ఆ రోజుల్లో కూలివాడికి సెలవు అనే మాటే లేదు మరి.

అందుకే దెబ్బలు తగిలాయి. డప్పు కొట్టమన్నందుకు, ఆదివారం రామన్నందుకు కరణాలు, మునసబులు కక్షగట్టారు. పనులు మాన్పించారు, దొంగ కేసులు బనాయించారు. ఇదంతా క్లౌ స్వయంగా చెప్పగా భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ రాసిన 'సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియెంట్' అనే పుస్తకంలోనే ఉంది. క్లౌ పోయిన నాలుగేళ్ళకు, 1914లో అచ్చయింది. దాచలేదు, అది మెచ్చుకోవలసిందే. కానీ ఆ పుస్తకంలో మాదిగలు ఎక్కువగా 'ఓర్చుకున్నవాళ్ళు'గా కనిపిస్తారు, ఎదిరించినవాళ్ళుగా తక్కువ. శ్రమను నిరాకరించడం అక్కడ భక్తికి పరీక్షగా మారిపోయింది. తర్వాత మన పాస్టర్లు ప్రసంగాల్లో చెప్పిందీ ఆ పరీక్ష కథే.

ఇంకో సంగతి. ఈ కదలిక దొరతో మొదలుకాలేదు. 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారంమీద ఊళ్ళు తిరిగిన మాదిగ. అంతకుముందే గురువులను వెతుక్కుని, వీరమ్మ అనే స్త్రీ దగ్గర యోగం నేర్చుకున్నవాడు. విగ్రహం అక్కర్లేదన్న ఆలోచన మాదిగపల్లెల్లో అప్పటికే తిరుగుతోంది. అలాంటప్పుడు మూడో కట్టుబాటును పూర్తిగా బయటిదని ఎలా అంటాం? 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఎనిమిది మందితో ఏర్పడింది. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని కూలి ఇప్పించాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. 'గంజికోసం కలిశారు' అని ఎగతాళి చేసేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. గంజితోపాటు వాళ్ళు ఒప్పుకున్న షరతులు ఊరి గింజలు పోగొట్టేవని ఆ ఎగతాళిగాళ్ళకు తెలియదు.

ఇక మా విమర్శ. చచ్చిన గొడ్డు మానుకోమని 1927లో మహద్‌లో అంబేద్కర్ కూడా చెప్పాడు. చెప్పిన తీరులో తేడా ఉంది. ఆయన దాన్ని ఆత్మగౌరవానికి, పౌరహక్కుకు ముడిపెట్టాడు. 1948లో అచ్చయిన 'ది అన్‌టచబుల్స్' పుస్తకంలో అంటరానితనానికీ గొడ్డుమాంసానికీ ఉన్న సంబంధాన్ని చరిత్రలోకి దిగి వెతికాడు. సంఘం మాత్రం కారణం చెప్పకుండా నియమం ఇచ్చింది. కారణం లేని నియమం రెండు తరాల్లో సిగ్గుగా మారింది. చచ్చినదానికీ కోసినదానికీ తేడా చెరిగిపోయి, పెద్దకూర వండుకుని తలుపేసుకునే క్రైస్తవ ఇళ్ళు మాకు తెలుసు. డప్పుదీ ఇదే గతి. వెట్టి డప్పును వదిలించుకోవడం న్యాయం. దాంతోపాటు వాయిద్యాన్నే సైతానుదన్నారు. అదే ప్రకాశం జిల్లాలో 1994 జూలై 7న ఈదుమూడిలో దండోరా మొదలయినప్పుడు, ఆ డప్పు మాదిగల సొంత గొంతై లేచింది. గుళ్ళో దానికి చోటివ్వని సంఘాలు ఆ రోజు ఏమనుకున్నాయో!

మూడు కట్టుబాట్లలో లేనిదేమిటో కూడా చూడాలి. భూమి లేదు. మాల మాదిగలు కలిసి తినాలని, పిల్లనిచ్చి పుచ్చుకోవాలని లేదు. తర్వాత బాప్టిస్టులలో చెలామణీ అయిన సంఘ ఒడంబడికలు, 1853లో అమెరికాలో న్యూటన్ బ్రౌన్ అచ్చువేసినదాని వంటివి, తాగుడు మానడం, ఇంట్లో ప్రార్థన, చందా, రోగులకు సాయం, మాటలో నిజాయితీ చెబుతాయి. మంచివే. కానీ ఇవన్నీ ఇంటికి, మనిషికి సంబంధించినవి. ఊరితో పేచీ పెట్టుకునే మాట ఒక్కటీ లేదు. ఆదివారం ఇప్పుడు అందరికీ సెలవే, కనుక ఆ కట్టుబాటుకు పదును పోయింది. దాని స్థానంలో ఇంకోటి రాలేదు. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలను చంపినప్పుడు, బతికినవాళ్ళు చీరాలకు పరిగెత్తి చర్చి ఆవరణలో తలదాచుకున్నారు. ఆవరణ ఇచ్చారు, అది చిన్న విషయం కాదు. మరి 'ఈ దాడికి ఎదురు నిలబడటం మా విశ్వాసంలో భాగం' అని ఏ ఒడంబడికలో చేర్చారు?

నిజాయితీ అన్న మాట దగ్గర పెద్ద చిక్కుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుడైన మాదిగకు మన దగ్గర మిగిలింది బీసీ-సి, ఒక్క శాతం. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన కేసులో, మతం మారినవాడు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద రక్షణ అడగలేడని తీర్పిచ్చింది. అందుకే మన పిల్లలకు గుళ్ళో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు. సంఘం వీళ్ళను నామకార్థ క్రైస్తవులంటుంది, హిందూత్వవాళ్ళు దొంగ సర్టిఫికెట్లంటారు. రెండు నిందలూ పడేది స్కాలర్‌షిప్ కోసం తలొంచుకున్న పదహారేళ్ళ పిల్లమీద. ఉత్తర్వు రాసినవాళ్ళ నిజాయితీని అడిగేవాళ్ళు తక్కువ.

మిషన్ పుస్తకాలు పేరయ్యను గుర్తుంచుకున్నాయి. ఆదివారం పోనన్నందుకు ఆ వారం గింజలు రాకపోతే పొయ్యి ఎలా వెలిగించిందో చెప్పాల్సిన ఆడమనిషి మాట వాటిలో దొరకదు. తోలు పని, మేర, డప్పు మాన్పించిన రోజులు అమ్మల, అమ్మమ్మల నోట విన్నవాళ్ళు ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో ఇంకా ఉన్నారు. విద్యార్థులు టేపులు పట్టుకుని ముందు వాళ్ళ దగ్గరికి పోవాలి.