ఒక్క జాకెట్‌కే మగ్గం వర్క్

ఎమ్మిగనూరులో మగ్గం అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి నేతగాడు గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునే మగ్గం. దాన్ని నమ్ముకున్న కుటుంబాల కోసమే మాచాని సోమప్ప 1938లో ఇక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు. రెండోది పెళ్లికూతురి జాకెట్ మీద జరీ, పూసలు కుట్టే మగ్గం వర్క్. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్‌లో చాలామందిని తికమకపెట్టే ఒక విద్యను ఈ రెంటి తేడాతోనే చెప్పొచ్చు.

పడుగు ఎక్కించి పోగులు అచ్చులోకి లాగాక, ఆ పడుగు మీద నేసే చీరలన్నిటి కట్టుబడీ ఖాయమైనట్టే. క్లాసు అంటే అదే. 1967 నాటి సిములా భాష నుంచీ ఎక్కువమందికి అలవాటైన దారి ఇది: పనులు, అంటే మెథడ్‌లు, క్లాసులో ఉంటాయి, అందులోంచి పుట్టిన ఆబ్జెక్టులన్నీ ఒకేలా నడుచుకుంటాయి. మగ్గం వర్క్ సంగతి వేరు. గుడ్డ ఎప్పుడో నేసేశారు, తానులోంచి కోసేశారు. ఇప్పుడు ఆ ఒక్క ముక్కనే చట్రానికి బిగించి నెమలిని కుడతారు. తానులో మిగిలిన గుడ్డకు ఆ నెమలి ఊసే తెలియదు. ప్రోగ్రాము నడుస్తుండగానే ఒక్క ఆబ్జెక్టుకు మెథడ్ తగిలించడమంటే ఇదే. జావా ఒప్పుకోదు. రూబీ, పైథాన్, జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటాయి.

రూబీ పద్ధతి నాకు ముచ్చటేస్తుంది. డెఫ్ అని మొదలుపెట్టి ఆబ్జెక్టు పేరు, చుక్క, మెథడ్ పేరు రాస్తే చాలు, ఆ ఆబ్జెక్టుకూ దాని క్లాసుకూ మధ్య కంటికి కనపడని ఒక చిన్న క్లాసు పుడుతుంది. పేరు సింగిల్‌టన్ క్లాసు. పిలుపు వస్తే ముందు అక్కడ వెతికి, దొరక్కపోతేనే అసలు క్లాసుకు వెళ్తుంది. క్లోన్ చేస్తే ఈ కుట్టుపని నకలుకూ వస్తుంది. డప్ చేస్తే వట్టి గుడ్డే వస్తుంది.

పైథాన్‌లో కొత్తవాళ్లు బోర్లా పడేది ఒకచోట ఉంది. ఆబ్జెక్టుకు ఫంక్షన్ నేరుగా తగిలించి పిలిస్తే, సెల్ఫ్, అంటే ఆ ఆబ్జెక్టు, అందలేదని గొడవ చేస్తుంది. క్లాసులో దొరికిన ఫంక్షన్‌కైతే పైథాన్ తానే ఆబ్జెక్టును మొదటి విలువగా అందిస్తుంది. ఆబ్జెక్టు జేబులో దొరికినదానికి అందించదు. టైప్స్ మాడ్యూల్‌లోని మెథడ్‌టైప్‌తో ఫంక్షన్నూ ఆబ్జెక్టునూ ముందే ముడేయాలి. పొడవు చెప్పే లెన్ లాంటివి మాత్రం ఆ ముడికీ లొంగవు, అవి క్లాసునే అడుగుతాయి.

1987లో లోకానికి పరిచయమైన సెల్ఫ్ అనే మరో భాషైతే అసలు క్లాసులే వద్దంది. జావాస్క్రిప్ట్‌కు ఉన్న ఆబ్జెక్టునే నమూనాగా వాడుకునే ప్రోటోటైప్ ఆలోచన అక్కడిదే.

ఇంతకీ ఇది ఎక్కడ పనికొస్తుంది? ఆదోని మార్కెట్ యార్డుకు ప్రోగ్రాము రాస్తున్నామనుకోండి. ప్రతి పత్తి లాటూ ఒక ఆబ్జెక్టు. తేమ ఎక్కువుంటే ధరలో కోత వేయాలి. తడిసిన లాటుకు వేరే మెథడ్ తగిలిద్దామని చెయ్యి ఉబలాటపడుతుంది. వద్దు. తేమ ప్రతి లాటుకూ ఉండేదే, ఎక్కువ తక్కువలే తేడా; ఆ లెక్క క్లాసులోనే ఉండాలి. అదే, అన్నదమ్ముల తగాదాలో చిక్కుకున్న ఒక లాటును సాయంత్రం దాకా అమ్మకుండా ఆపాలంటే, దాని 'అమ్ము' మీద మాత్రం 'ఆగు' అని కుట్టొచ్చు. అలాంటి లాట్లు రోజూ వస్తున్నాయంటే మాత్రం మళ్లీ పడుగు దగ్గరికే వెళ్లాలి. ప్రోగ్రామును పరీక్షించే టెస్టులు రాసేవాళ్లకైతే ఇది నిత్యం కావలసిన పనిముట్టు: డబ్బు నిజంగా పంపే మెథడ్ స్థానంలో, ఆ ఒక్క ఆబ్జెక్టుకు ఉత్తుత్తిది తొడుగుతారు.

తీసేయడమూ తేలికే. పైథాన్‌లో డెల్ అంటే తగిలించినది పోయి, కింద దాగున్న క్లాసు మెథడ్ మళ్లీ పలుకుతుంది. జాకెట్ మీద కుట్టు విప్పితే సూది చిల్లులైనా మిగులుతాయి. ఇక్కడ అవీ ఉండవు. మధ్యాహ్నం ఆ లాటు ఎందుకు అమ్ముడుపోలేదో కనుక్కోవడానికి సాయంత్రం కూర్చున్నవాడు క్లాసును ఎన్నిసార్లు చదివినా, అందులో 'ఆగు' అన్న మాట కనపడదు.