రజియే చేసిన పని

అస్గర్ ఫర్హాదీ తీసిన ఇరానీ సినిమా ‘ఎ సెపరేషన్’ (2011) ఊసొస్తే అందరూ విడాకుల గురించో, నిజం-అబద్ధం గురించో, వర్గ భేదాల గురించో మాట్లాడతారు. ఇంజనీరింగ్ రోజుల్లో హాస్టల్లో లాప్‌టాప్ మీద చూసి నేనూ అదే మాట్లాడాను. పోయిన నెల మళ్ళీ చూశాను. ఈసారి అది ఇంకో ప్రశ్న చుట్టూ తిరిగే సినిమాలా అనిపించింది: ఇంట్లో ఆల్జైమర్స్ ఉన్న పెద్దాయన్ని ఎవరు కడగాలి?

(సినిమా చూడనివాళ్ళు చూసొచ్చి చదవండి. కథంతా చెప్పేస్తున్నాను.)

దేశం వదిలి వెళ్దామంటుంది సిమిన్. తండ్రిని వదిలి రానంటాడు నాదెర్. నువ్వు కొడుకువని ఆయనకి తెలీదు కదా అని ఆమె అంటే, ఆయన నా తండ్రని నాకు తెలుసు కదా అంటాడు. బాగుంది. అయితే పొద్దున నాదెర్ బ్యాంకులో ఉద్యోగానికి వెళ్ళిపోయాక ఈ ‘తెలిసిన’ తండ్రి దగ్గర ఉండేది రజియే. గర్భవతి. చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని చాలా దూరం నుంచి వస్తుంది. ఈ పనికి వస్తున్నట్టు మొగుడికి తెలీదు.

మొదటిరోజే పెద్దాయన బట్టల్లో పోసుకుంటాడు. మీరే మార్చుకోండి అని ఆమె బతిమాలుతుంది, ఆయన వల్ల కాదు. పరాయి మగాడి బట్టలు మార్చడం పాపమా అని ఫోన్ చేసి మతవిషయాలు తెలిసినవాళ్ళని అడుగుతుంది. నాన్నకి చెప్పనులే అంటుంది పక్కనున్న కూతురు. మొదటిసారి నాకిది మతం గురించిన సీన్. ఇప్పుడు చూస్తే, పనిలో పెట్టుకునేటప్పుడు యజమాని చెప్పాల్సిన సంగతిని పనిమనిషి ఎవర్నో అడిగి తెలుసుకోవాల్సి వచ్చిన సీన్.

తర్వాత ఇదే పని నాదెర్ కూడా చేస్తాడు. తండ్రికి స్నానం చేయిస్తూ ఆయన వీపు మీద వాలి ఏడుస్తాడు. మనకీ కళ్ళు చెమరుస్తాయి. కొడుకు కడిగితే ప్రేమ, రజియే కడిగితే జీతం పని. ఈ తేడా ఫర్హాదీ నోటితో చెప్పడు, రెండిటినీ ఒకే ఇంట్లో పెట్టి ఊరుకుంటాడు.

ఒకరోజు నాదెర్ ఇంటికొచ్చేసరికి తండ్రి మంచం మీంచి కింద పడి ఉంటాడు, చెయ్యి మంచానికి కట్టేసి ఉంటుంది. రజియే లేదు. డబ్బూ కనపడదు. ఆమె తిరిగి రాగానే దొంగతనం అంటగట్టి తలుపు బయటికి నెట్టేస్తాడు. ఆ డబ్బు సామాను మోసినవాళ్ళకి సిమిన్ ఇచ్చిందని మనకి తెలుసు, నాదెర్‌కి తెలీదు.

ఇక్కడ నాకు ఫ్లోరియన్ జెల్లర్ ‘ద ఫాదర్’ (2020) గుర్తొచ్చింది. అందులో ఆంథనీ హాప్‌కిన్స్ పాత్ర తన వాచీ ఏంజెలా అనే కేర్‌టేకర్ కొట్టేసిందని ఆమెని వెళ్ళగొడతాడు. వాచీ ఆయన దాచుకునే చోటే ఉంటుంది. డిమెన్షియాలో ఈ దొంగతనం అనుమానం చాలా మామూలు లక్షణం. పెట్టిన చోటు గుర్తుండదు, ఆ ఖాళీలోకి దొంగ వచ్చి కూర్చుంటుంది. ఏంజెలా మనకి తెరమీద ఒక్కసారీ కనపడదు. ‘ద ఫాదర్’ రోగి బుర్రలోంచి చూపించే సినిమా కాబట్టి అది న్యాయమే. ఫర్హాదీ సినిమాలో మాత్రం అనుమానం వచ్చింది జబ్బు మనిషికి కాదు, జ్ఞాపకశక్తి శుభ్రంగా ఉన్న కొడుక్కి.

ఆ కొడుకు నాకు బాగా తెలుసు. రెండేళ్ళ క్రితం మా నాయనమ్మ దగ్గరికి ఒక ఏజెన్సీ నుంచి పన్నెండు గంటల డ్యూటీకి ఒకావిడ వచ్చేది. అక్కా అని పిలిచేవాళ్ళం. సాయంత్రమైతే మా ఇంటికి తీసుకెళ్ళమని నాయనమ్మ గొడవ చేసేది, ఇదే ఇల్లు మామ్మా అని అక్క హాలంతా నాలుగు చుట్లు తిప్పి తీసుకొచ్చేది. ఒకరోజు గాజులు కనపడలేదు. అక్క తీసిందని నాయనమ్మ. గదిలో కెమెరా పెట్టించింది నేనే. నాలుగు రోజుల రికార్డింగ్ రెట్టింపు స్పీడులో చూశాను. దొంగతనం దొరకలేదు. మధ్యాహ్నం బయట గడియ పెట్టి అక్క పావుగంట మాయమవడం దొరికింది. ఏజెన్సీకి ఫోన్ చేశాను, మర్నాడు వేరే ఆవిడ వచ్చింది. గాజులు తర్వాత పాత జాకెట్ల మూటలో దొరికాయి. ఆ పావుగంట అక్క మెట్ల మీద కూర్చుని అన్నం తినేదని వాచ్‌మన్ చెప్పాడు. తిండికి టైమెప్పుడని మేమెవరం అడగలేదు. గాజులు దొరికాయని ఆవిడకి ఫోన్ చేసి చెప్పనూ లేదు.

‘ఎ సెపరేషన్’లో పెద్దాయన ఇంట్లోంచి వీధిలోకి వెళ్ళిపోతాడు. రజియే వెతుక్కుంటూ కార్ల మధ్యకి పరిగెడుతుంది. సరిగ్గా అక్కడ ఫర్హాదీ కట్ చేస్తాడు. ఆమెని కారు గుద్దిందని చివర్లో గానీ తెలీదు. ఈ దాపరికం సస్పెన్స్ కోసం వేసిన ఎత్తు అని విసుక్కునేవాణ్ణి. ఇప్పుడలా అనలేను. నా కెమెరాలో కూడా మెట్లు పడవు. సగం ఫుటేజీతో తీర్పిచ్చే కుర్చీలో ఫర్హాదీ నన్ను కూర్చోబెట్టాడు, నేను హాయిగా కూర్చున్నాను.

సినిమా మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. రెండో సగం కోర్టు చుట్టూ తిరిగేసరికి పెద్దాయన మన దృష్టిలోంచి జారిపోతాడు. ఆయనకి అన్నం ఎవరు పెడుతున్నారు, బట్టలు ఎవరు మారుస్తున్నారు అన్నది సినిమాకి అంత ముఖ్యం కాకుండా పోతుంది. అంతా ఎవరిది తప్పు అనే లెక్క. మా ఇంట్లో జరిగిందీ అదే. అక్క తప్పా, ఏజెన్సీ తప్పా అని మేం ఫోన్లలో తేల్చుకుంటున్న ఆ సాయంత్రం, ఇంటికి తీసుకెళ్ళమని నాయనమ్మ తలుపు దగ్గర నిలబడే ఉంది. నాలుగు చుట్లు తిప్పేవాళ్ళు ఎవరూ లేరు.