చేవ తప్పిన మాటలు

మన కథల్లో డబ్బున్నవాళ్ళ ఇల్లు వచ్చిందంటే "ఖరీదైన ఫర్నిచర్" అన్న మాట తప్పదు. బీదవాళ్ళ ఇల్లయితే ఒక విరిగిన కుర్చీ. ఆ కుర్చీ ఏ కర్రతో చేశారో, ఏ అతుకు దగ్గర విరిగిందో కథకుడికి పట్టదు. చీర దగ్గరికి వచ్చేసరికి మాత్రం అదే కథకుడు గద్వాలో, వెంకటగిరో, కంచిపట్టో చెప్పకుండా ఊరుకోడు. కర్ర మీద ఇంత చిన్నచూపు దేనికి?

ఆ మాటలు మన చెవికి దూరం కావడమే కారణమని నా అభిప్రాయం. వడ్రంగి మాటలు చాలామటుకు వస్తువు లోపల ఏముందో చెప్పేవి. చేవ అంటే మాను నడిమి కర్ర. టేకులో అది ముదురు రంగున ఉంటుంది, చెదను తట్టుకుంటుంది. చుట్టూ ఉండే లేత కర్రకు ఆ గుణం లేదు. టేకు మంచం బాగోగులు సగం ఈ ఒక్క మాటతోనే తేలిపోతాయి. మనిషిని "చేవగలవాడు" అంటున్నామంటే అది వడ్రంగి పెట్టిన భిక్షే. కూసమూ అంతే. ఒక కర్ర కొసను సన్నంగా చెక్కి, ఇంకో కర్రలో తొలిచిన బెజ్జంలోకి దిగగొడతారు. మేకు అక్కర్లేని అతుకు అది. ప్రభుత్వాల కూసాలు కదిలిపోయాయని రాసేవాళ్ళలో ఎంతమందికి ఆ కూసం కళ్ళకు కనిపిస్తుందో!

ఇప్పుడు దుకాణం మాటలు చూడండి. అప్పు దరఖాస్తులతో వచ్చే కొటేషన్లు చదవడం నా ఉద్యోగంలో ఒక భాగం. "టీక్ ఫినిష్" అని ఉంటుంది. అంటే టేకు రంగు, అంతే. లోపల టేకు ఉండాలని లేదు. "వెనీర్" అంటే నిజమైన కర్రే, కాని సుమారు అర మిల్లీమీటరు పొర, ఇంకో పలక మీద అంటించింది. "లామినేట్" అయితే రెసిన్‌లో తడిపి నొక్కిన కాగితం. దాని మీద కనిపించే కర్ర గీతలు అచ్చువేసినవి. దాన్నే మైకా అంటారు, అందులో అభ్రకం ఉండదు! పార్టికిల్ బోర్డు కర్ర రవ్వను జిగురుతో నొక్కి చేసింది. నీళ్ళు తగిలితే ఉబ్బుతుంది, మేకు పట్టు వదిలేస్తుంది. ప్లైవుడ్ మీద "ఎంఆర్" అని ఉంటే గాలిలో తేమను ఓర్చుకుంటుందని. సింకు కింద పెడితే ఓర్చుకోదు. మరిగే నీటి పరీక్షకు నిలిచేది "బీడబ్ల్యూపీ". "హార్డ్‌వుడ్" మరీ చిత్రం. వెడల్పాటి ఆకుల చెట్ల కర్రకు వృక్షశాస్త్రం పెట్టిన పేరది. బొమ్మ విమానాలకు వాడే, దూదిలాంటి బాల్సా కూడా హార్డ్‌వుడ్డే.

2013 కంపెనీల చట్టం సాధారణ ఫర్నిచర్‌కు 10 ఏళ్ళ ఆయుష్షు రాసింది. తాతగారి పట్టెమంచానికి ఈ లెక్క అన్యాయం. రవ్వపలక అల్మరాకు మర్యాద ఎక్కువే చేసినట్టు.

పరాయి మాటలని నాకు కోపం లేదు. కుర్చీ అరబ్బీ నుంచి పారసీ మీదుగా వచ్చింది, అలమర పోర్చుగీసు వాళ్ళది. ఎదురు ప్రయాణమూ ఉంది: ఇంగ్లీషు "టీక్" మన దక్షిణాది తేక్కు నుంచి పోయిందే. పేచీ అల్లా వస్తువును దాచిపెట్టే మాటలతోనే. మన చుట్టుపక్కల భాషలు మొత్తానికో పేరైనా పెట్టుకున్నాయి. కన్నడంలో పీఠోపకరణ, తమిళంలో అరైకలన్, ఒడియాలో ఆసబాబపత్ర. మనవాళ్ళు గృహోపకరణాలు అంటే మిక్సీ, ఫ్రిజ్ కూడా వచ్చి కూర్చుంటాయి. నన్నడిగితే "కర్రసామాను" చాలు, పండితులు ఒప్పుకున్నా మానినా.

అయితే పేరొక్కటీ ఉంటే సరిపోదు, భాగాల పేర్లు కావాలి: మంచానికి కోళ్ళు, పట్టెలు, బల్లకు సొరుగు, తలుపుకు మడతబందు. ఇలాంటి వృత్తి పదాల కోసమే భద్రిరాజు కృష్ణమూర్తి గారు మాండలిక వృత్తి పదకోశం మొదలుపెట్టారు. 1962లో వ్యవసాయం, 1971లో చేనేత సంపుటాలు వచ్చాయి. గొప్ప పని. కాని సేకరణ ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో జరిగింది. హోసూరు, బళ్ళారి, బరంపురం వడ్రంగుల నోటి మాట ఆ పరిధిలోది కాదు. మీ ఊళ్ళో మంచం కోడును ఏమంటారో, కూసం దిగే బెజ్జాన్ని ఏమంటారో పాఠకులు ఈ పత్రికకు రాస్తే చదవాలని ఉంది.