హిషామ్ వెండి పెట్టె: ఎవరి పని? ఎందుకోసం?

స్పెయిన్ ఈశాన్య భాగాన ఉన్న జిరోనా పట్టణపు పెద్ద చర్చి ఖజానాలో ఒక వెండి పెట్టె ఉంది. పొడవు సుమారు 39 సెంటీమీటర్లు, ఎత్తు సుమారు 27. లోపల కొయ్య, పైన ఆకులు, తీగలు ఉబ్బెత్తుగా పొదిగిన వెండి రేకులు, వాటిపై బంగారు పూత. కళాగ్రంథాలలో దీనికి రెండు పేర్లు కనిపిస్తాయి: పునీతుల అవశేషాల పెట్టె, నగల పెట్టె. మొదటిది చర్చి చేతికి వచ్చాక దానికి దక్కిన ఉద్యోగం. రెండవది ఊహ. పెట్టె తన సంగతి తానే చెబుతూండగా ఈ రెండింటితో సరిపెట్టుకోవడం సమంజసం కాదు.

మూత అంచు చుట్టూ కూఫీ లిపిలో ఒక శాసనం ఉంది. అల్లాహ్ నామంతో ఆరంభమై శుభాన్ని, సౌభాగ్యాన్ని, నిత్యానందాన్ని కోరుతుంది. ఎవరికి? పెట్టె అందుకోవలసిన బాలునికి కాదు. దానిని చేయించిన అమీరుల్ మోమినీన్ అల్ హకమ్ అల్ ముస్తన్సిర్ బిల్లాహ్‌కు. బాలుని ప్రస్తావన ఆ తరువాతే వస్తుంది: "ముస్లింల వలీ అహద్" అబుల్ వలీద్ హిషామ్. కాలనిర్ణయానికి ఈ బిరుదే ఆధారం. హిషామ్‌కు వారసునిగా బైఅత్ జరిగింది క్రీ.శ. 976 ఫిబ్రవరిలో (హిజ్రీ 365). తండ్రి మరణించింది అదే సంవత్సరం అక్టోబరులో. పెట్టె ఆ కొద్ది నెలలలోనిది.

అప్పటికి హిషామ్‌కు పది పదకొండేళ్ళు. ఖలీఫాకు యుక్తవయస్సు షరతు అని ధర్మశాస్త్రవేత్తలు చెబుతారు. వ్యాధిగ్రస్తుడైన తండ్రికి ఈ చిక్కు తెలియనిది కాదు. కనుక ఇందులో కస్తూరి ఉంచారా, ముత్యాలు ఉంచారా అన్నది చిన్న ప్రశ్న. ఆ కాలపు కార్డోవా దంతపు భరిణెలలో ఒకటి తనలో కస్తూరి, కర్పూరం ఉంటాయని తానే చెప్పుకుంటుంది. ఈ పెట్టె మాత్రం లోపలి వస్తువు పేరెత్తదు, వారసుని పేరే ఎత్తుతుంది. బైఅత్‌ను వెండిలో మరొకసారి చాటడమే దీని అసలు పని.

ఇక చేసినవారి మాట. శాసనం చివర "అలా యదై జౌదర్" అని ఉంది. జౌదర్ రెండు చేతుల మీద పూర్తయిందని పదాల అర్థం. దీనిని పట్టుకుని జౌదర్‌ను కంసాలిగా భావిస్తే పొరపాటు. మన తెలుగులోనూ ఒక పని ఫలానావారి "చేతుల మీదుగా" జరిగిందంటే ఆయన స్వయంగా సుత్తె పట్టాడని కాదు గదా! 964లో ఇదే ఖలీఫా తన అంతఃపురం కోసం చేయించిన దంతపు భరిణెపై కూడా దుర్రీ అనే కొలువు అధికారి పేరు ఇదే రీతిలో వస్తుంది. జౌదర్ రాజప్రాసాదపు స్వర్ణకార శాలకు అధిపతి, ఆయనది పర్యవేక్షణ.

పని చేసిన చేతులు వేరు. పెట్టె గొళ్ళెం పట్టీ అడుగున, దానిని ఎత్తితే తప్ప కనబడని చోట, బద్ర్, తరీఫ్ అనే రెండు పేర్లు, వారు సేవకులన్న మాట చెక్కి ఉన్నాయి. ఖలీఫాకు మూత అంచు, అధికారికి వాక్యాంతం, పనివారికి గొళ్ళెం అడుగు. కొలువులో ఎవరి స్థానం ఏదో ఈ అమరికే చెబుతుంది. అయినా ఆకుల వంపులోని నిండుతనం, అంచుల వెంట ముత్యాల వంటి బొడిపెల సమత అజ్ఞకు లోబడి చేసిన పనిలో సైతం ఎంత శ్రద్ధ ఉండగలదో చూపిస్తున్నాయి. కళాచరిత్రలు దీనిని "హిషామ్ పెట్టె" అంటాయి. "బద్ర్, తరీఫ్‌ల పెట్టె" అన్నా తప్పు లేదు.

జౌదర్ విషయంలో చరిత్ర ఒక విచిత్రం చేసింది. అల్ హకమ్ కన్నుమూసిన రాత్రి, హిషామ్‌ను పక్కకు తప్పించి పినతండ్రి ముగీరాను సింహాసనం ఎక్కించాలని పథకం వేసిన ఇద్దరు ప్రాసాదాధికారులలో ఒకడు ఫాయిఖ్, రెండవవాడు ఈ జౌదరే. పథకం పారలేదు, ముగీరా హతుడయ్యాడు. బాలుడు ఖలీఫా అయ్యాడు గాని అధికారం ఇబ్ను అబీ ఆమిర్ పాలైంది. "వలీ అహద్" అన్న మాట వెండిపై తన పర్యవేక్షణలోనే చెక్కించినవాడు, కొద్ది నెలలు తిరగకుండానే దానిని కాదనబోయాడు.

పెట్టె జిరోనా చేరింది 1010లో కార్డోవా అంతర్యుద్ధంలోకి దిగిన కాటలాన్ సైన్యాల వెంటనే కావచ్చునని చరిత్రకారుల అభిప్రాయం.