మొత్తం లెక్క చెప్పిన నిజం

ఈ వారం ఓ కుర్ర ఇంజనీరు తన సర్వర్ నెట్‌స్టాట్ పట్టీ ఫొటో తీసి పంపాడు. "సార్, రీట్రాన్స్‌మిట్లు లక్ష దాటాయి, కొంప మునిగినట్టేనా?" అని కింద ప్రశ్న. నాకు చిర్రెత్తుకొచ్చింది.

నా పాత పాట మీకు తెలిసిందే: ఎప్పట్నుంచో చెప్పని లెక్క లెక్కే కాదు. ఆ కౌంటర్లు మెషీన్ బూట్ అయిన దగ్గర్నుంచీ పెరుగుతూనే ఉంటాయి. కరెంటు మీటరు మీది అంకెకు ఎవరూ బిల్లు కట్టరు, పోయిన నెల రీడింగు తీసేసి కడతారు. పది నిమిషాల తేడాతో రెండుసార్లు చూడు, ఆ మధ్యలో పంపిన సెగ్మెంట్లతో పోల్చు.

పైగా ప్యాకెట్ పోవడం టీసీపీకి ఒక కబురు. 1986 అక్టోబరులో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ, 400 గజాల దూరంలోని బర్క్‌లీ యూనివర్సిటీకీ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయింది. అసలే కిక్కిరిసిన దారిలో మెషీన్లు పంపిందే మళ్లీ పంపాయి మరి! 1988లో వాన్ జేకబ్సన్ పేపరు మందు చెప్పింది: ప్యాకెట్ పోయిందా, దారి ఇరుకైందనుకుని జోరు తగ్గించు. అప్పట్నుంచీ టీసీపీ కాస్త పోగొట్టుకునే తన వేగం తెలుసుకుంటోంది.

ఇదంతా రాసి, "లక్ష చూసి బెదరకు" అని ముగించబోతుంటే పట్టీలో ఇంకో వరుస కంటబడింది. అందిన ఐసీఎంపీ కబుర్లు: సున్నా.

నెలల తరబడి బయటి ప్రపంచంతో మాట్లాడుతున్న సర్వర్‌కి ఒక్కటీ రాలేదా? భద్రత పేరుతో ఎవరో ఫైర్‌వాల్‌లో మొత్తం ఆపేసి ఉంటారు. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 792లో జాన్ పోస్టెల్ ఐసీఎంపీకి అప్పగించిన ముఖ్యమైన పని ఫిర్యాదులు చేరవేయడం. అందులో టైప్ 3, కోడ్ 4 ఏమంటుందంటే: నీ ప్యాకెట్ ఈ దారికి పెద్దది, ముక్కలు చేయొద్దన్నావు కాబట్టి పారేశాను. అది అందకపోతే 1500 బైట్ల ప్యాకెట్లు వీపీఎన్ టన్నెల్ దగ్గర మాయమవుతుంటాయి. లాగిన్ అవుతుంది, పెద్ద ఫైలు దగ్గర బిగుసుకుపోతుంది. సర్వర్ పంపిందే పంపుతుంది, లక్ష పెరుగుతుంది.

నేను చెప్పినట్టు పది నిమిషాల తేడా చూసి ఉంటే ఈ సున్నా మామూలుగానే కనిపించేది. దీన్ని పట్టించింది నేను ఇన్నాళ్లూ వెక్కిరించిన మొత్తం లెక్కే. అందుకే జవాబు మార్చి రాశాను: ముందు టైప్ 3ని లోపలికి రానివ్వు. ఐసీఎంపీ లెక్క పెరగడం మొదలైతే సంతోషించు, నెల తిరిగినా కదలకపోతే అప్పుడు భయపడు.