ఉత్ప్రేరకము చర్యలో పాల్గొనదా?

రసాయనిక చర్యలో తాను పాల్గొనక, చర్యావేగమును మాత్రము మార్చు పదార్థము ఉత్ప్రేరకమని పాఠశాలలలో తరచుగా చెప్పుచుందురు. నిర్వచనము చిన్నది, కంఠస్థము చేయుటకు తేలికైనది. కాని అందులో సగము మాత్రమే నిజము.

చర్య ముగిసిన పిమ్మట ఉత్ప్రేరకము తరుగక మిగులుననుట నిజము. 1909లో నోబెల్ బహుమతి పొందిన జర్మన్ రసాయన శాస్త్రజ్ఞుడు విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డ్, అది చర్యావేగమును మార్చును గాని తుది ఫలితములలో కానరాదనెను. "పాల్గొనదు" అను మాట ఆ నిర్వచనములో లేదు. "మిగులును" అనుటకును, "పాల్గొనదు" అనుటకును చాల భేదము కలదు.

ఆల్కహాలు ఆల్డిహైడుగా మారు చర్యలో ఈ భేదము స్పష్టపడును. టైటేనియం డయాక్సైడు రేణువులపై పలుచని పొరగా పరచిన వెనేడియం ఆక్సైడు మీదుగా, సుమారు 230 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద, మిథైల్ ఆల్కహాలు ఆవిరిని గాలితో కలిపి పంపినచో ఫార్మాల్డిహైడు, నీరు ఏర్పడును. ఇచ్చట ఆక్సైడు ప్రక్కన నిలిచి చూచుట లేదు. ఆల్కహాలు అణువు ఆక్సైడుకు అంటుకొని, తన హైడ్రాక్సిల్ సమూహములోని ఉదజనిని ఆక్సైడులోని ఆమ్లజనికి ఇచ్చును. పిదప కార్బనుకు అంటియున్న ఉదజని యొకటి ఊడివచ్చును. అన్నిటికంటె నెమ్మదైన మెట్టు ఇదియే. అంతట ఆల్డిహైడు విడిపోవును. ఆ రెండు ఉదజని పరమాణువులు ఆక్సైడులోని ఆమ్లజనిని వెంటగొని నీరై పోవును. ఆ లోటును గాలిలోని ఆమ్లజని పూడ్చును.

అనగా ఆక్సైడు ఆమ్లజనిని చేబదులిచ్చుచున్నది. గాలి ఆ బాకీ తీర్చుచున్నది. ఖాతాలో నిలువ మారలేదు గనుక ఇచ్చిపుచ్చుకొనుటయే జరుగలేదనుట సబబు కాదు. గాలిని ఆపివేసినను కొంతసేపు ఆల్డిహైడు వచ్చుచునే యుండి, క్రమముగా తగ్గిపోవును. 1954లో మార్స్, వాన్ క్రెవెలెన్ అను డచ్చి శాస్త్రజ్ఞులు వెనేడియం ఆక్సైడుపై జరుగు ఆక్సీకరణములకు ఇట్టి విధానమునే ప్రతిపాదించిరి.

ఆధార పదార్థము జడమైనదనుట మరియొక పొరపాటు. ఆధారమును బట్టి ఒక్కొక్క వెనేడియం పరమాణువు పనిచేయు వేగము వెయ్యి రెట్ల వరకు మారును. సిలికాపై అది మందముగాను, టైటేనియం డయాక్సైడుపై చురుకుగాను ఉండును. అల్యూమినాపై పొర పూర్తిగా కప్పనిచో, ఆల్కహాలులో కొంత ఆల్డిహైడు కాక డైమిథైల్ ఈథరుగా మారును.

ఈ పొరపాటు వలన నష్టమేమి? ఉత్ప్రేరకము పాల్గొనదని నమ్మిన విద్యార్థికి అది మంత్రపు కడ్డీ వలె తోచును. ఒక లోహము పనికివచ్చి మరియొకటి ఎందుకు పనికిరాదో, కాలక్రమమున ఉత్ప్రేరకము ఎందుకు చెడునో అడుగవలెనను ఆలోచనయే వానికి కలుగదు.

దీనిని సరిదిద్దుటకు రాగితీగ చాలును. గాలిలో కాల్చిన తీగపై నల్లని ఆక్సైడు పొర ఏర్పడును. వేడి తగ్గకముందే దానిని ఇథైల్ ఆల్కహాలు ఆవిరిలో ఉంచినచో మరల ఎర్రబడును; ఆల్డిహైడు వాసన వచ్చును. తిరిగి గాలిలో కాల్చినచో నల్లబడును. ఆల్కహాలుకు మంట అంటును గనుక, కొద్దిపాటి ఆల్కహాలును దీపమునకు దూరముగా ఉంచి, ఉపాధ్యాయుడే స్వయముగా దీనిని చేసి చూపవలెను.

చర్యలో పాల్గొని, దానికి సులభమైన మార్గము కల్పించి, తుదకు పూర్వస్థితికి వచ్చు పదార్థము ఉత్ప్రేరకము. ఈ నిర్వచనము కొంచెము పొడవైనదే. కాని తీగ రంగు ఎందుకు మారినదని విద్యార్థి అడిగినపుడు దీనిలో సమాధానము కలదు, పాతదానిలో లేదు.